పడుకోవాలా, కూర్చుంటే చాలా? పెద్దవాళ్ల అమెరికా ప్రయాణానికి సీటు ఎంపిక

"ప్రీమియం ఎకానమీ తీశాం నాన్నా, హాయిగా పడుకుని రావచ్చు" అని డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోన్ వస్తుంది. ఇక్కడ బరంపురంలో తండ్రి ఆ మాట నమ్మి సంతోషంగా పక్కింటివాళ్లకి కూడా చెబుతాడు. ఆ మాటలో "హాయిగా" వరకు నిజమే. "పడుకుని" అన్నదే నిజం కాదు. ప్రీమియం ఎకానమీలో కూర్చోవడం సుఖంగా ఉంటుంది. పడుకోవడం అందులో లేదు. డబ్బు కట్టకముందే ఈ తేడా తెలిస్తే చాలా కుటుంబాల్లో లక్షల ఖర్చు సరైన చోట పడుతుంది.

నేను బరంపురంలో టికెట్లు బుక్ చేసే పనిలో ఉన్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటిన దంపతులు, కూతురి పురిటికి బయల్దేరే అమ్మలు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి కూడా ఫోన్లు చేస్తారు. డబ్బు కట్టేది పిల్లలు, ప్రయాణం చేసేది వీళ్లు. ధర చూసేవాళ్లకి వీళ్ల మోకాళ్ల సంగతి గుర్తుండదు, మోకాళ్లు నొప్పిపెట్టేవాళ్లకి ఏం అడగాలో తెలియదు. ఇద్దరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మన దగ్గర నుంచి బయల్దేరేవాళ్లకి నిద్ర సమస్య హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల కంటే పెద్దది. బరంపురం నుంచి భువనేశ్వర్ విమానాశ్రయం సుమారు 170 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు దాటుతుంది. రాయగడ, గుణుపురం వైపు వాళ్లు విశాఖ వెళ్లాలి. అక్కడి నుంచి ఢిల్లీకో హైదరాబాద్‌కో ఇంకో విమానం. ఇంటర్నేషనల్ కౌంటర్ దగ్గర మూడు గంటల ముందు ఉండాలి. ఢిల్లీ నుంచి అమెరికాకి వెళ్లే డైరెక్ట్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇల్లు తాళం వేసిన మనిషి, పెద్ద విమానం ఎక్కేసరికి అప్పటికే ఒక పూర్తి రోజు అలసిపోయి ఉంటాడు. ఆ తర్వాత 14 నుంచి 16 గంటల ప్రయాణం మొదలవుతుంది. సీటు విషయంలో పెట్టే ప్రతి రూపాయీ ఆ గంటల్లో ఎంత నిద్ర వస్తుందన్న దాన్ని బట్టే లెక్కపెట్టాలి.

ప్రీమియం ఎకానమీ ఎవరికి

మామూలు ఎకానమీలో ఒక సీటుకీ ముందు సీటుకీ మధ్య దూరం 31 అంగుళాల దగ్గర ఉంటుంది. సీటు వెడల్పు 17, 18 అంగుళాలు. ప్రీమియం ఎకానమీలో ఆ దూరం 38 అంగుళాలు అవుతుంది, ఎమిరేట్స్‌లో 40. వెడల్పు 18న్నర నుంచి 19న్నర దాకా ఉంటుంది. వీపు సుమారు 8 అంగుళాలు వెనక్కి వాలుతుంది. పిక్కలకి ఆనుకునే పలక, పాదాలు పెట్టుకునే మెట్టు ఉంటాయి. 1992లో తైవాన్‌కి చెందిన ఈవా ఎయిర్, ఇంగ్లండ్‌కి చెందిన వర్జిన్ అట్లాంటిక్ ఈ తరగతి మొదలుపెట్టాయి. కూర్చుని పని చేసుకునే వాళ్లకి, ఎకానమీ ఇరుకు భరించలేని వాళ్లకి పుట్టిన సీటు అది. ఇప్పటికీ దాని స్వభావం అదే.

మనకి రైలు బాగా తెలుసు కాబట్టి అలాగే చెప్తాను. ప్రీమియం ఎకానమీ మంచి చైర్ కార్, బిజినెస్ క్లాస్ బెర్తు. చైర్ కార్ ఎంత ఖరీదైనదైనా తెల్లారేసరికి నడుము పట్టేస్తుంది, బెర్తు ఎంత గట్టిగా ఉన్నా ఒళ్లు చాపుకోవచ్చు. వాలిన కుర్చీలో శరీరం బరువంతా తుంటి మీదా తొడల వెనకా పడుతుంది. కాళ్లు కిందికి వేలాడుతూ ఉంటే గంటలు గడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి. కాస్త కునుకు పట్టగానే తల పక్కకి వాలిపోయి మెలకువ వచ్చేస్తుంది. ముప్ఫై ఏళ్ల కుర్రాడు ఇవన్నీ తట్టుకుని ఆరు గంటలు నిద్రపోతాడు. షుగరు, మోకాళ్ల నొప్పి, రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేచే అలవాటు ఉన్న అరవై అయిదేళ్ల మనిషికి అది సాధ్యం కాదు.

అంటే ప్రీమియం ఎకానమీ వద్దే వద్దని కాదు. పగటి ప్రయాణమైతే తీసుకోండి. హైదరాబాద్ నుంచి లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి ఎనిమిది నుంచి పది గంటల ప్రయాణానికి అది చాలా బాగుంటుంది. లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి హైదరాబాద్‌కి ఫ్రాంక్‌ఫర్ట్ విమానం నడుపుతోంది, మధ్యలో అక్కడ కాళ్లు సాగదీసుకుని ముందుకి పోవచ్చు. ఆరడుగుల మనుషులకి, ఒళ్లు భారీగా ఉన్నవాళ్లకి ఎకానమీలో నిజంగా బాధే, వాళ్లకి ఈ ఖర్చు న్యాయం. ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఈ తరగతే లేదు, కాబట్టి దోహా మీదుగా వెళ్లేవాళ్లకి ఎకానమీ లేదా బిజినెస్, రెండే దారులు.

ఒక సంగతి మన ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా చెప్పాలి. అయిదడుగుల ఎత్తు ఉన్నవాళ్లకి ప్రీమియం ఎకానమీలో పాదాల మెట్టు చాలాసార్లు అందదు. సీటు లోతుగా ఉంటుంది, వీపు ఆనిస్తే కాళ్లు నేలకి తగలవు, కాళ్లు ఆనిస్తే వీపు గాల్లో ఉంటుంది. కేబిన్ బ్యాగ్‌లో నడుము వెనక పెట్టుకునేందుకు ఒక చిన్న దిండు, కాళ్ల కింద పెట్టుకునేందుకు మెత్తటి సంచి ఒకటి ఉంచుకోవాలి. మొదటి వరస బాగుంటుందని చాలామంది అడిగి మరీ తీసుకుంటారు. అక్కడ కాళ్లకి చోటు దొరుకుతుంది నిజమే. కానీ ట్రే, టీవీ చేతిపట్టీలోనే ఇమిడి ఉంటాయి కాబట్టి ఆ పట్టీ పైకి లేవదు, కూర్చునే వెడల్పు కాస్త తగ్గుతుంది. లావుగా ఉన్నవాళ్లు రెండో వరస అడగడమే మేలు.

బిజినెస్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఎయిర్‌లైన్ పేరు చూసి కొనేస్తారు. చూడాల్సింది ఏ విమానం, అందులో సీట్లు ఎలా అమర్చారు అన్నది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా చదునుగా పరుచుకునే పడక తెచ్చాక మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. కానీ పాత సీట్లు, కొత్త సీట్లు ఒకే ఎయిర్‌లైన్‌లో పక్కపక్కనే తిరుగుతున్నాయి.

ఎయిర్ ఇండియా సంగతే చూడండి. కొత్త ఎయిర్‌బస్ ఏ350-900 విమానంలో 28 బిజినెస్ సీట్లు 1-2-1 వరసలో ఉంటాయి, అంటే రెండు కిటికీల పక్కా ఒక్కొక్కటి, రెండు నడవల మధ్య రెండు, ప్రతి సీటుకీ తలుపుంది, ప్రతి ఒక్కరూ నేరుగా నడవలోకి దిగొచ్చు. ఆ విమానంలో 24 ప్రీమియం ఎకానమీ, 264 ఎకానమీ సీట్లున్నాయి. పాత అమరిక ఉన్న బోయింగ్ 777లో బిజినెస్ 2-3-2. మూడింటి మధ్య సీటు పడితే రాత్రి లేవాల్సి వచ్చినప్పుడు పక్కవాళ్ల కాళ్లు దాటాలి. రెండిట్లో టికెట్ మీద రాసేది బిజినెస్ అనే. ఎమిరేట్స్ 777లోనూ పాత అమరిక 2-3-2, మార్పులు చేసిన విమానాల్లో 1-2-1. వాళ్ల ఏ380లో బిజినెస్ పై అంతస్తులో ఉంటుంది, 1-2-1, చప్పుడు కూడా తక్కువ. బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్ పేరు క్లబ్ వరల్డ్, దాని పాత అమరికలో కొన్ని సీట్లు విమానం తోక వైపు తిరిగి ఉంటాయి. 2019లో వచ్చిన క్లబ్ సూట్‌లో ఆ ఇబ్బంది లేదు. ఖతార్ వాళ్ల కొత్త బిజినెస్ సీటు క్యూసూట్ 2017లో వచ్చింది, చాలా బాగుంటుంది, అయితే వాళ్ల అన్ని విమానాల్లోనూ లేదు. హైదరాబాద్ నుంచి దోహా దాకా లేకపోయినా ఫరవాలేదు, దోహా నుంచి అమెరికాకి వెళ్లే విమానంలో ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఇది తెలుసుకోవడం కష్టం కాదు. గూగుల్ ఫ్లైట్స్‌లో ప్రతి విమానం కింద సీటు రకం రాసి ఉంటుంది: లై ఫ్లాట్ అంటే పూర్తిగా చదును, యాంగిల్డ్ ఫ్లాట్ అంటే చదునే కానీ ఏటవాలు. ఏటవాలు పడక మీద మనిషి నిద్రలో మెల్లగా కిందికి జారుతూ ఉంటాడు. ఇప్పుడు అవి అరుదు, కనిపిస్తే మాత్రం దాని మీద బిజినెస్ డబ్బు పెట్టకండి. ఏరోలోపా అనే సైట్‌లో ఏ విమానంలో ఏ సీటు ఏ వైపు తిరిగి ఉందో, ఏ సీటు కిటికీకి దగ్గరో స్పష్టంగా గీసి ఉంటుంది. మీ అబ్బాయిని అయిదు నిమిషాలు అది చూడమనండి.

1-2-1లోనూ రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో అన్ని సీట్లూ ఒకేలా మూలగా తిరిగి ఉంటాయి, కిటికీ పక్కవాళ్లు కిటికీ వైపు, మధ్యవాళ్లు ఒకరివైపు ఒకరు. ఇంకోదాంట్లో సీట్లు ఒక వరసలో కిటికీకి ఆనుకుని, తర్వాతి వరసలో నడవకి ఆనుకుని మారుతూ ఉంటాయి. ఈ రెండో రకంలో నడవకి ఆనుకున్న సీటు పడితే రాత్రంతా ట్రాలీలు, నడిచేవాళ్లు మీ మోచేతిని రాసుకుంటూ వెళ్తారు. ధర ఒకటే, నిద్రలో తేడా చాలా. కిటికీకి ఆనుకుని, నడవకీ మనకీ మధ్య బల్ల ఉండే సీటు వెతకండి.

సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియా వెళ్లే పెద్దవాళ్లకి ఒక మాట. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏ350 దూర ప్రయాణపు సీటు చాలా వెడల్పు. అయితే పడక చేయాలంటే సీట్లోంచి లేచి నిలబడి వీపు భాగాన్ని ముందుకి మడవాలి, పడుకున్నాక కాళ్లు మూలగా పెట్టుకోవాలి. సిబ్బందిని అడిగితే వాళ్లే చేసిపెడతారు. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం దీని గురించి ముందే ఆలోచించుకోవాలి.

ఫస్ట్ క్లాస్ గురించి ఎక్కువ చెప్పను. నిద్ర కోసమైతే మంచి బిజినెస్ పడక చాలు, ఆ పైన పెట్టేది భోజనానికీ మర్యాదకీ పెట్టే డబ్బు.

తలుపు గురించి కూడా అడుగుతారు. అది ఏకాంతానికి, నిద్రకి పెద్దగా అక్కర్లేదు. కళ్లకి కట్టుకునే పట్టీ ఉంటే అదే పని జరుగుతుంది. మూసేస్తే ఊపిరాడదేమోనని భయపడేవాళ్లకి ధైర్యం చెప్పండి: అది భుజం ఎత్తు వరకే ఉంటుంది, పైన అంతా తెరిచే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు.

దంపతులకి లెక్క వేరు

సైట్లలో సలహాలు రాసేవాళ్లు ఎక్కువగా ఒంటరిగా తిరిగే ఉద్యోగస్తులు. వాళ్లకి 2-2-2 అంటే చిన్నచూపు. మన ఇళ్లలో మొదటిసారి విమానం ఎక్కే పిన్నిగారికి బాబాయిగారు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. ఆవిడకి 1-2-1లో కిటికీ పక్క ఒంటరి సీటు ఇస్తే ఎంత మంచి పడకైనా నిద్ర పట్టదు, భయంతో కళ్లు తెరుచుకునే ఉంటుంది. పూర్తిగా చదునయ్యే 2-2-2లో ఇద్దరూ పక్కపక్కన పడుకోవడం ఇలాంటి దంపతులకి మంచి ఏర్పాటే. రాత్రి ఎక్కువగా లేచేవాళ్లు నడవ వైపు ఉంటే చాలు. 1-2-1 అయితే మధ్య జంట సీట్లు తీసుకోండి. సీట్లు మారుతూ ఉండే అమరికలో కొన్ని వరసల్లో ఆ జంట దగ్గరగా, కొన్నిట్లో చెరో నడవ వైపు దూరంగా ఉంటుంది. సీట్ మ్యాప్‌లో దగ్గరగా ఉన్న వరస చూసి ఎంచుకోండి, మధ్యలో అడ్డు ఉంటే దించమని అడగండి.

ఇంకో విషయం, చిన్నదిగా కనిపిస్తుంది కానీ పెట్టిన డబ్బంతా దీని మీదే ఆధారపడుతుంది. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు దంపతులు బిజినెస్‌లో వెళ్లొచ్చారు. వచ్చాక షాపుకి వచ్చి కూర్చుని, "రాత్రంతా కూర్చునే ఉన్నానమ్మా" అన్నారు. పడక పనిచేయలేదా అని అడిగాను. "పనిచేస్తుంది. వెనక్కి వాలిస్తే వెనకాయన మోకాళ్ల మీద పడుతుంది కదా. పాపం, ఆయనా పెద్దాయనే." పక్కనున్న ఆవిడ, "నేను చెప్తూనే ఉన్నాను, ఆ బటన్ నొక్కండీ, అందరూ పడుకున్నారూ అని. వింటేగా" అన్నారు. బిజినెస్ సీటు వెనక గట్టి గోడ ఒకటి ఉంటుంది, అది కదలదు. సీటు ఆ గోడ లోపలే ముందుకి జరిగి పరుచుకుంటుంది, వెనకవాళ్లకి ఏమీ తెలియదు. జీవితమంతా బస్సుల్లో, రైళ్లలో ఎదుటివాళ్ల గురించి ఆలోచించి మసలుకున్న మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అందుకే టికెట్‌తో పాటు బటన్లు కూడా నేర్పాలి. మూడు బొమ్మలుంటాయి: నిటారు కుర్చీ, వాలిన కుర్చీ, పడుకున్న మనిషి. చాలా సీట్లలో బటన్ ఒకసారి నొక్కి వదిలేస్తే సీటు మధ్యలో ఆగిపోతుంది, పూర్తిగా చదునయ్యేదాకా నొక్కి పట్టుకోవాలి. ఆ విమానం సీటు వీడియో యూట్యూబ్‌లో దొరుకుతుంది, ఇంట్లో టీవీ మీద పెట్టి చూపించండి. "సీటు పడక చేసి పెట్టండి" అని ఇంగ్లీషులో ఒక చీటీ రాసి జేబులో పెడితే మాట రాదన్న మొహమాటం కూడా ఉండదు.

పడక ఎంత ఉంటుంది

పొడవు ఆరడుగుల ఆరంగుళాలని రాస్తారు. అది పాదాలు దూర్చే గూడుతో కలిపి. భుజాల దగ్గర వెడల్పు సుమారు 20 నుంచి 22 అంగుళాలు, కాళ్ల వైపు సన్నబడుతూ పాదాల దగ్గర అడుగు, అడుగున్నర మిగులుతుంది. రైలు బెర్తు కంటే విశాలంగా ఉంటుందని అనుకోకండి. మా షాపు గచ్చు మీద సుద్దముక్కతో ఈ కొలతలు గీసి, దుప్పటి వేసి పడుకుని చూడమంటాను. వెల్లకిలా పడుకునేవాళ్లు వెంటనే బాగుందంటారు. పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకునేవాళ్లకి గీత దాటి మోకాళ్లు బయటికి వస్తాయి. అలాంటివాళ్లకి బిజినెస్‌లో మొదటి వరస మంచిది, అక్కడ పాదాల గూడు సాధారణంగా వెడల్పుగా ఉంటుంది. నడవ వైపు చేతిపట్టీ కిందికి దించే వీలుంటే దించేయండి, భుజానికి ఇంకొన్ని అంగుళాలు కలిసొస్తాయి.

సీటు కుషన్ గట్టిగా, అతుకులతో ఉంటుంది. దూర ప్రయాణాల్లో ఎమిరేట్స్, ఖతార్ లాంటివాళ్లు పలచటి పరుపు ఇస్తారు. ఇవ్వని చోట రెండో దుప్పటి అడిగి కింద పరుచుకోండి, నడుము నొప్పి ఉన్నవాళ్లకి ఆ ఒక్క పొరతోనే తేడా తెలుస్తుంది. ఇంకొకటి, చదునైన పడక నేలకి తక్కువ ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు అలాగే లేవబోకుండా, ముందు బటన్ నొక్కి సీటుని సగం కుర్చీగా చేసుకుని అప్పుడు లేవాలి.

విమానం రకం కూడా నిద్ర మీద పనిచేస్తుంది. 787, ఏ350 విమానాల్లో లోపలి గాలి ఒత్తిడి సుమారు 6000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, పాత రకాల్లో అది 8000 అడుగుల దాకా పోతుంది. కొత్తవాటిలో తలనొప్పి, నోరు ఎండిపోవడం తక్కువ. ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ విషయం డాక్టర్‌తో మాట్లాడి వెళ్లాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ధరలు రోజూ మారతాయి, కానీ ఒక అంచనా చెప్పొచ్చు. చాలాసార్లు ప్రీమియం ఎకానమీ ఎకానమీకి ఒకటిన్నర నుంచి రెండింతలు, బిజినెస్ మూడింతల నుంచి అయిదింతల దాకా ఉంటుంది. రానూ పోనూ ఇద్దరికీ బిజినెస్ అంటే చాలా ఇళ్లలో మాట అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు మధ్యేమార్గమని రెండు వైపులా ప్రీమియం ఎకానమీ తీస్తారు. నా దృష్టిలో అది అన్నిటికంటే బలహీనమైన ఎంపిక. రెండు వైపులా కొంచెం సుఖం వస్తుంది, ఏ వైపూ నిద్ర రాదు. అదే డబ్బుకి ఇంకొంత కలిపి ఒక్క వైపు, ఒక్క పెద్ద ప్రయాణానికి బిజినెస్ తీయండి, మిగతాది ఎకానమీ.

ఆ ఒక్క వైపు ఏది? వెళ్లేటప్పుడు. ఢిల్లీలో అర్ధరాత్రి దాటాక ఎక్కితే మన ఒంటికీ అది రాత్రే, పడుకోగానే నిద్ర పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు న్యూయార్క్‌లో మధ్యాహ్నం బయల్దేరే విమానమైతే ఒళ్లు అక్కడి గడియారానికి అలవాటు పడి ఉంటుంది, ప్రయాణంలో సగానికి పైగా దానికి పగలే, ఎంత మంచి పడక ఇచ్చినా దొర్లడమే. రాత్రి తొమ్మిదికో పదికో బయల్దేరే విమానం దొరికితే వచ్చేటప్పుడు కూడా పడక పనికొస్తుంది. బుక్ చేసేటప్పుడు ముందు బయల్దేరే టైమ్ చూడండి, తర్వాత తరగతి.

రానూ పోనూ ఒకే టికెట్‌లో ఒక్కో ప్రయాణానికి ఒక్కో తరగతి పెట్టే వీలు చాలా ఎయిర్‌లైన్స్ ఇస్తాయి. విడివిడిగా వన్ వే కొంటే చాలాసార్లు ఎక్కువ పడుతుంది. భువనేశ్వర్ నుంచి ఢిల్లీ రెండు గంటల చిల్లర ప్రయాణం, అందులో బిజినెస్ అంటే వాలే కుర్చీ మాత్రమే, దానికి విడిగా డబ్బు పెట్టకండి. కానీ ఆ చిన్న విమానం కూడా అదే టికెట్‌లో ఉండేలా చూసుకోండి. విడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే బాధ్యత మనదే అవుతుంది, అర్ధరాత్రి పెద్దవాళ్లు ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడతారు.

గల్ఫ్ దారి గురించి. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా నాలుగు గంటలకి అటూ ఇటూ. భోజనం పెట్టి, పళ్లాలు తీసి, దిగమనేసరికి రెండు గంటలు కూడా నిద్ర ఉండదు. ఆ ముక్కకి ఎకానమీ చాలు, తర్వాతి పద్నాలుగు, పదహారు గంటలకి బిజినెస్ తీయాలి. కాళ్లు సాగదీసుకోవడానికి గల్ఫ్ దారి మంచిది, ఏకధాటి నిద్రకి ఢిల్లీ డైరెక్ట్ మంచిది. డైరెక్ట్‌లో ఒకటి చూసుకోండి: 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకి మూసేశాక ఎయిర్ ఇండియా అమెరికా ప్రయాణాలు పొడుగయ్యాయి, కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. మధ్యలో దిగితే దిగేటప్పుడూ లేచేటప్పుడూ సీటు నిటారుగా పెట్టాల్సిందే, నిద్ర రెండు ముక్కలవుతుంది. మీరు కొనే రోజున ఆ విమానం ఎక్కడైనా ఆగుతుందా అని అడగండి.

బిజినెస్ ఒక్క వైపు కూడా కుదరనివాళ్లకి ఇంకో దారి ఉంది, ఇది ఎవరూ చెప్పరు. ఎకానమీ టికెటే తీసి, మధ్యలో నిజమైన మంచం మీద పడుకోండి. దుబాయ్, దోహా విమానాశ్రయాల్లో లోపలే హోటళ్లున్నాయి, ఇమిగ్రేషన్ దాటి బయటికి వెళ్లక్కర్లేదు. పది గంటల విరామం ఉండే టికెట్ చూసుకుని గది ముందే బుక్ చేస్తే, స్నానం చేసి ఆరు గంటలు పడుకుని రెండో విమానం ఎక్కొచ్చు. చాలాసార్లు ప్రీమియం ఎకానమీకి అదనంగా కట్టే దానికంటే తక్కువలో అవుతుంది. ప్రయాణం పొడవు పెరుగుతుంది, పిల్లలు ఆందోళన పడతారు, కానీ మనిషి తేరుకుని దిగుతాడు. షుగరు పేషెంట్లకి నేను ఇదే ఎక్కువగా చెబుతాను.

అప్‌గ్రేడ్ కోసం వేలంలో ధర చెప్పమని కొన్ని ఎయిర్‌లైన్స్ మెయిల్ పంపుతాయి. వస్తే అదృష్టమే, కానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ చేయకండి. చివరి నిమిషంలో వచ్చిన సీట్లు దంపతులకి పక్కపక్కన రాకపోవచ్చు. వీల్‌చైర్‌కి తరగతితో పని లేదు, ఎకానమీ వాళ్లకీ ఉచితమే, టికెట్ తీసినప్పుడే అడగండి. బిజినెస్‌తో కలిసొచ్చే లాభం ఇంకోటి సామాను: అమెరికా ప్రయాణాల్లో చాలా ఎయిర్‌లైన్స్ ఎకానమీకి 23 కిలోల పెట్టెలు ఇస్తే బిజినెస్‌కి 32 కిలోలవి రెండు ఇస్తాయి. బరంపురం అప్పడాలు, పచ్చళ్లు, పట్టుచీరలు సర్దే అమ్మలకి ఇది చిన్న విషయమేమీ కాదు.

ఎక్కాక

భోజనం లాంజ్‌లోనో ఇంటి నుంచి తెచ్చుకున్నదో ఎక్కకముందే తినేయండి. విమానం పైకి లేచాక భోజనం కోసం కూర్చుంటే రెండు గంటలు పోతాయి. "టిఫిన్‌కి తప్ప లేపొద్దు" అని ముందే చెబితే బిజినెస్‌లో లేపరు. శాకాహారులు ఏషియన్ వెజ్ మీల్ అని కనీసం 24 గంటల ముందు రాయించుకోవాలి. బెల్టు దుప్పటి పైన కనిపించేలా పెట్టుకోండి, లోపల పెట్టుకుంటే విమానం ఊగినప్పుడు సిబ్బంది చూడ్డానికి నిద్ర లేపుతారు. కేబిన్ ఒకసారి చల్లగా, ఒకసారి ఉక్కగా ఉంటుంది. నూలు బట్టలు, పైన ఒక స్వెట్టర్, సాక్సులు ఉండాలి.

నిద్రమాత్రల జోలికి డాక్టర్ చెప్పకుండా వెళ్లొద్దు. మాత్ర వేసుకుని కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కదలకుండా ఉండిపోతే ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని, అయినా సుమారు 6000 మందిలో ఒకరికే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన అధ్యయనం చెప్పింది. కాబట్టి భయపడక్కర్లేదు, కానీ బిజినెస్‌లో పడుకున్నాం కదా అని వదిలేయకూడదు. మెలకువ వచ్చినప్పుడల్లా మడమలు ఆడించండి, రెండు అడుగులు వేయండి, నీళ్లు తాగండి. ఇంతకు ముందు కాలి సిరల సమస్య వచ్చినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు బిగుతు సాక్సుల గురించి డాక్టర్‌ని అడిగి వెళ్లాలి.

సీటు ఎంచేటప్పుడు వంటగదికీ బాత్రూమ్‌కీ ఆనుకున్న వరసలు వదిలేయండి, లైటూ చప్పుడూ రాత్రంతా ఉంటాయి. బాత్రూమ్ అవసరం ఎక్కువున్నవాళ్లకి నాలుగైదు వరసల దూరం సరిపోతుంది. ఉయ్యాల కట్టే వరసల్లో పసిపిల్లలు ఉంటారు, అది కూడా చూసుకోండి. విమానం మారితే సీట్ మ్యాప్ మొత్తం మారిపోతుంది, ఎంచుకున్న సీటు నంబరు అలాగే ఉన్నా అది వేరే చోట ఉండొచ్చు. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందురోజు ఒకసారి బుకింగ్ తెరిచి చూడండి. మారి ఉంటే వెంటనే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఇద్దరికీ దగ్గర సీట్లు అడగండి, కౌంటర్ దాకా ఆగితే ఎవరికీ అక్కర్లేని సీట్లే మిగులుతాయి.